మినర్వా దిబ్బ దగ్గర నాలుగు రాత్రులు: లాగ్‌బుక్‌లో ఏ దేశం పేరు రాయాలి?

టోంగా రాజధాని నుకుఅలోఫా నుంచి న్యూజిలాండ్‌లోని ఓపువా రేవుకి ఒక నవంబర్‌లో చేసిన ప్రయాణం ఇది. పన్నెండు మీటర్ల తెరచాప పడవ, న్యూజిలాండ్ రిజిస్ట్రేషన్. యజమాని దంపతులిద్దరూ అరవై దాటినవాళ్లు. మూడో మనిషిని నేను. సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా పనిచేసి మానేశాక, దూర ప్రయాణాలకి బయల్దేరే చిన్న పడవలకి నావిగేటర్‌గా వెళ్తుంటాను. దారిలో నార్త్ మినర్వా దిబ్బ దగ్గర నాలుగు రాత్రులు లంగరు వేశాం. ఆ నాలుగు రాత్రుల గురించే ఈ కేస్ స్టడీ.

మినర్వా పేరు వినని వాళ్ల కోసం రెండు ముక్కలు. నడి పసిఫిక్‌లో రెండు పగడపు దిబ్బలు, నార్త్ మినర్వా, సౌత్ మినర్వా. 1829లో ఇక్కడ బద్దలైన మినర్వా అనే తిమింగలాల వేట ఓడ పేరే వీటికి మిగిలింది. టోంగా వాళ్లు టెలెకి టోకెలావ్, టెలెకి టోంగా అంటారు. నార్త్ మినర్వా దాదాపు గుండ్రంగా, మూడు నాటికల్ మైళ్ల వెడల్పున ఉంటుంది. దిబ్బ ఉంగరమైతే లోపలి నీటి మడుగు, అంటే లగూన్, అద్దం. ఆ ఉంగరానికి వాయవ్యంలో ఒకటే తెరుపు. నది సముద్రంలో కలిసే చోటుని మన మత్స్యకారులు మొగ అంటారు కదా, ఈ తెరుపుకి కూడా అదే మాట వాడతాను. పోటు వేళ దిబ్బ మొత్తం మునిగిపోతుంది. ఆటు వేళ ఉంగరం బయటపడుతుంది. చెట్టు లేదు, మట్టి లేదు, మంచినీళ్ల చుక్క లేదు. అయినా ఈ దిబ్బలు తమవని టోంగా అంటుంది, ఫిజీ ఒప్పుకోదు.

అలాంటి చోట ఎందుకు ఆగుతారు? నుకుఅలోఫా నుంచి ఇక్కడికి 250 నాటికల్ మైళ్లు (ఇక మీదట మైళ్లంటే అవే). ఇక్కడి నుంచి ఓపువాకి 790 మైళ్లు, అంటే అయిదున్నర నాట్ల వేగంతో, గంటకి అయిదున్నర మైళ్ల చొప్పున, ఆరు రోజులు. నవంబర్ వచ్చిందంటే తుపానుల కాలం మొదలైనట్టే, ఉష్ణమండలం వదిలి దక్షిణానికి పోవాలి. కానీ అటువైపు న్యూజిలాండ్ మీదుగా ద్రోణులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఒక ద్రోణి దాటగానే దాని వెనక వచ్చే అధిక పీడనం అంచు పట్టుకుని దిగిపోవాలి. ఆ సమయం కోసం టోంగాలో కూర్చుంటే రెండు రోజుల దారి వృథా. మినర్వాలో కూర్చుంటే ఆ రెండు రోజులు ముందే గడిచిపోయి ఉంటాయి. ఏటా ఈ కాలంలో పదుల సంఖ్యలో పడవలు ఇక్కడ ఆగడానికి కారణం అదే. సరదాకి ఆగేవాళ్లు తక్కువ.

దీపం వెలగని దీపస్తంభం

మొదటి గొడవ దిబ్బ చేరకముందే వచ్చింది. గాలి తగ్గి మా లెక్క తప్పింది. ఉదయం చేరాల్సినవాళ్లం సాయంత్రం ఆరు గంటలకి ఈశాన్యాన ఆరు మైళ్ల దూరంలో ఉన్నాం. పొద్దు గుంకడానికి గంట వ్యవధి ఉంది. యజమాని చార్ట్‌ప్లాటర్, అంటే సముద్రపు పటం కనిపించే తెర, చూపించి అన్నాడు: "మొగ దగ్గర లైటు ఉందిగా, మెల్లగా వెళ్లిపోదాం."

నేను ఒప్పుకోలేదు. చార్ట్ మీద ఉన్న లైటు సముద్రంలో వెలుగుతుందనే నమ్మకం ఎక్కడైనా తక్కువే. ఇక్కడైతే ఆ లైటే తగాదాకి గుర్తు. 2010, 2011 సంవత్సరాల్లో మొగ దగ్గరి దీపాలని ఫిజీ నౌకాదళం ధ్వంసం చేసింది. 2011 జూన్‌లో టోంగా రెండు నౌకలు పంపి మళ్లీ పెట్టించింది. దిబ్బ మీద దీపం పెట్టడమంటే 'ఇది మాది' అని చెప్పడం, తీసేయడమంటే 'కాదు' అని చెప్పడం. రెండు ప్రభుత్వాల మధ్య ఈ సంభాషణ ఎంతవరకు వచ్చిందో తెలియకుండా, దీపాన్ని నమ్ముకుని రాత్రి పూట పగడాల మధ్యకి పడవని తోలలేను. సరిహద్దు వివాదం అనగానే తుపాకులు గుర్తొస్తాయి. నావికుడికి మాత్రం అది ముందుగా నమ్మదగని దీపంగా ఎదురవుతుంది.

యజమాని ముఖం ముడుచుకున్నాడు. అప్పుడు 1962 సంగతి చెప్పాను. టోంగా నుంచి న్యూజిలాండ్ బయల్దేరిన టువాయికేపావ్ అనే తెరచాప పడవ ఆ ఏడు జులై 7 రాత్రి సౌత్ మినర్వాకి గుద్దుకుంది. అందులో 17 మంది. అంతకుముందే అక్కడ ఇరుక్కుపోయిన జపాన్ చేపల పడవ శిథిలంలో తలదాచుకుని మూడు నెలలకి పైగా గడిపారు. కొందరు అక్కడే చనిపోయారు. చివరికి కెప్టెన్ టెవిటా ఫిఫిటా, ఆయన కొడుకు, ఒక వడ్రంగి కలిసి శిథిలం కొయ్యలతో చిన్న పడవ కట్టుకుని ఫిజీ వైపు వెళ్లారు. ఒడ్డు అందే సమయంలో కొడుకు మునిగిపోయాడు. మిగిలినవాళ్లని ఆ తర్వాత రక్షించారు.

యజమాని ఇంకేం మాట్లాడలేదు. ఉత్తరంగా పది మైళ్ల దూరం పెట్టుకుని చుట్టూ తిరిగి దిబ్బకి వాయవ్యంలో ఆగాం. గాలి ఆగ్నేయం నుంచి వస్తోంది. ఈ వైపున పడవ కొట్టుకుపోయినా దిబ్బకి దూరంగానే పోతుంది. తెరచాపలు ఒకదానికొకటి ఎదురుగా కట్టి, చుక్కానిని బిగించి, రాత్రంతా వంతులవారీ కాపలా కాశాం. పొద్దున చూస్తే తొమ్మిది మైళ్లు జరిగాం.

మొగలోకి వెళ్లడానికి మధ్యాహ్నం రెండు గంటలు ఎంచుకున్నాం. మొగలో మన ముఖం ఆగ్నేయం వైపు ఉంటుంది. ఉదయం వెళ్తే ఎండ కళ్లల్లో కొట్టి నీళ్ల కింద రాయి కనిపించదు. మధ్యాహ్నం దాటితే సూర్యుడు వెనక్కి వస్తాడు. పైగా ఆ రోజు ఆటు ఒంటిగంటన్నరకి ముగుస్తోంది. గాలివైపు దిబ్బ మీదుగా అలలు పొర్లి లోపలికి పడ్డ నీళ్లన్నీ బయటికి పోవడానికి ఉన్న దారి ఈ మొగ ఒక్కటే. అందుకే ఇక్కడ బయటికి వచ్చే ప్రవాహం బలంగా ఉంటుంది. అది నెమ్మదించే వేళ చూసుకోవాలి. యజమాని భార్య కొయ్యస్తంభం దగ్గర నిలబడి, నల్ల కళ్లద్దాల్లోంచి రంగులు చూస్తూ చేత్తో దారి చూపించారు. ముదురు నీలం అంటే లోతు, లేత ఆకుపచ్చ అంటే జాగ్రత్త, గోధుమ రంగు అంటే రాయి. తూర్పు అంచుకి దగ్గరగా, పదిహేను మీటర్ల లోతులో, ఇసుక మీద 60 మీటర్ల చెయిన్ వదిలి లంగరు వేశాం.

ఎవరి గడియారం, ఎవరి జెండా

లాగ్‌బుక్, అంటే పడవ ప్రయాణం వివరాలు రాసే పుస్తకం, తెరిచి సమయం రాయబోతే రెండో గొడవ. టోంగా గడియారం గ్రీనిచ్ కంటే 13 గంటలు ముందు, ఫిజీది 12 గంటలు ముందు. ఆ నవంబర్ రోజున దిబ్బ మీద సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి టోంగా గడియారంలో 12:39, ఫిజీ గడియారంలో 11:39. సూర్యుడు కూడా ఎవరి పక్షమూ చేరలేదన్నమాట. నవ్వుకోవడానికి బాగుంది. కానీ రేపు ఏ అధికారైనా లాగ్‌బుక్ అడిగితే, అందులో టోంగా గంటలు కనిపించడం కూడా ఒక మాట చెప్పినట్టే అవుతుంది. గ్రీనిచ్ సమయం మాత్రమే రాయడం మొదలుపెట్టాం. చోటు పేరు రాసే గడిలో దేశం పేరు లేదు: నార్త్ మినర్వా, 23 డిగ్రీల 37 నిమిషాల దక్షిణం, 178 డిగ్రీల 54 నిమిషాల పశ్చిమం. అంతే.

ఇంత జాగ్రత్త పడ్డ నేను పైకి చూడలేదు. మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ తలెత్తితే, కొయ్యస్తంభం కుడివైపు అడ్డకర్రకి ఎర్ర జెండా ఎగురుతోంది. మూలన తెల్ల దీర్ఘచతురస్రం, అందులో ఎర్ర శిలువ. టోంగాలో ఉన్నన్నాళ్లూ మర్యాద కోసం ఎగరేసిన జెండా! నుకుఅలోఫా వదిలాక దింపాల్సింది, ముగ్గురం మర్చిపోయాం. ఆతిథ్య దేశపు జెండా ఎగరేయడమంటే 'మేము మీ జలాల్లో ఉన్నాం' అని ఒప్పుకోవడం. లాగ్‌బుక్‌లో మౌనం, కొయ్యస్తంభం మీద ప్రకటన. తాడు కప్పీలో ఇరుక్కుంది. యజమాని దాన్ని విడదీసి జెండా చేతికి తీసుకునేసరికి పావుగంట పట్టింది. తప్పు నాది. బయల్దేరేటప్పుడు చూడాల్సిన పనుల జాబితా రాసింది నేనే, అందులో ఈ పని లేదు.

మరి ఏ జెండా ఉండాలి? వెనక భాగాన సొంత దేశపు జెండా ఒక్కటే. అనుమతి కోసం ఎదురుచూస్తున్నామని చెప్పే పసుపు జెండా కూడా ఎగరేయలేదు. అది ఎగరేస్తే 'ఎవరి అనుమతి?' అనే ప్రశ్న మనమే అడిగినట్టు.

తగాదా ఏమిటో

ఇది అర్థం కాకపోతే రేడియోలో ఏం మాట్లాడాలో తేలదు. టోంగా తన హద్దులని 1887లో ప్రకటించింది: 15 డిగ్రీల నుంచి 23 డిగ్రీల 30 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా, 173 నుంచి 177 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాకా. మినర్వా దిబ్బలు ఆ గీతలకి బయట ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1971లో మైఖేల్ ఆలివర్ అనే లాస్ వేగాస్ ధనవంతుడి బృందం వచ్చి, బార్జిల మీద ఇసుక తెచ్చి దిబ్బ మీద పోసి, 1972 జనవరిలో పన్నులు లేని 'మినర్వా రిపబ్లిక్' అని ప్రకటించేసింది. దానికో అధ్యక్షుణ్ణి కూడా పెట్టుకున్నారు. టోంగా రాజు నాలుగో టౌఫాఆహావ్ టుపోవ్ అదే ఏడు జూన్‌లో దిబ్బలు తమవని ప్రకటన ఇచ్చాడు. సెప్టెంబర్‌లో దక్షిణ పసిఫిక్ ఫోరం ఆయన్ని సమర్థించింది. పోసిన ఇసుకని సముద్రం తీసుకుపోయింది.

ఫిజీ వాదన వేరు. పోటు వేళ మునిగిపోయేది భూభాగం కాదు, దాని మీద ఎవరికీ సొంత హక్కు రాదు, కాబట్టి ఇది మా ఆర్థిక జలాల్లోని (తీరం నుంచి 200 మైళ్ల దాకా, చేపల్లాంటి వనరుల మీద హక్కు ఉండే సముద్రం) దిబ్బ మాత్రమే అంటుంది. 2005లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థకి ఫిర్యాదు కూడా చేసింది. 2014లో టోంగా మంత్రి ఒకరు మినర్వా మీకిస్తాం, లావ్ దీవులు మాకివ్వండి అని బేరం పెట్టారు. అది తెగలేదు.

చార్ట్ మీద డివైడర్ పెట్టి కొలిస్తే ఫిజీ వైపు లావ్ దీవుల దక్షిణ కొసకీ, టోంగా వైపు అటా దీవికీ ఈ దిబ్బ 150కి పైగా, 200 లోపు మైళ్లలో ఉంది. అంటే ఇద్దరి 200 మైళ్ల ఆర్థిక జలాలూ ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. 1982 సముద్ర చట్ట ఒప్పందంలోని 13వ అధికరణం ప్రకారం, ఆటు వేళ మాత్రమే బయటపడే దిబ్బ ప్రధాన భూమికీ దీవికీ 12 మైళ్ల అవతల ఉంటే దానికి సొంతంగా ప్రాదేశిక జలాలు (తీరదేశం ఏలుబడి సాగే 12 మైళ్ల సముద్రం) రావు. దాని మీద కట్టిన కట్టడం కూడా దీవి కాదని 60వది చెబుతుంది.

నా పనికి కావాల్సింది ఈ చట్టంలోంచి తేలిన చిన్న విషయం. ఇవి ఆర్థిక జలాలైతే నౌకాయానానికి స్వేచ్ఛ ఉంది. ప్రాదేశిక జలాలే అనుకున్నా, 18వ అధికరణం మామూలు ప్రయాణంలో భాగంగా, లేదా ఆపదలో తప్పనిసరై లంగరు వేయడాన్ని ఒప్పుకుంటుంది. ఎలా చూసినా మనకి ఆసరా 'ప్రయాణంలో ఉన్నాం, వాతావరణం కోసం ఆగాం' అన్న మాట. ఆ మాటని చెడగొట్టే పని చేయకూడదు. చేపలు పట్టడం సరిగ్గా అలాంటి పని. చేపల మీద హక్కు తీరదేశానిదే, ఎవరి వాదన నెగ్గినా.

ఇక్కడే యజమాని భార్యతో చిన్న వాదన నడిచింది. పెద్ద రొయ్యలాంటి క్రేఫిష్‌లకి మినర్వా పేరుమోసింది. రాత్రి ఆటు వేళ టార్చిలైటు పట్టుకుని దిబ్బ మీద నడిస్తే దొరుకుతాయట. "మా స్నేహితులందరూ పట్టుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు ఆవిడ. నిజమే కావచ్చు. కానీ బకెట్‌లో నాలుగు క్రేఫిష్‌లు ఉండగా గస్తీ నౌక వస్తే, వాతావరణం కోసం ఆగిన పడవ కాస్తా దొంగ వేట పడవ అవుతుంది. ఒక్క దేశం కాదు, ఇద్దరూ కేసు పెట్టగలరు. పైగా మా ఇన్సూరెన్స్ పాలసీలో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటే పరిహారం రాదని స్పష్టంగా ఉంది. గాలాలు అటక మీదే ఉండిపోయాయి.

దిబ్బ మీద నడవడానికి మాత్రం ఒప్పుకున్నాను. అది అవసరం కాదు, సరదానే. ఆటు వేళ రబ్బరు పడవలో వెళ్లి, చీలమండ లోతు నీళ్లలో గంటసేపు నడిచాం. ఒకవైపు మహాసముద్రం ఎత్తుగా లేచి దిబ్బ అంచున విరుగుతోంది, మరోవైపు నిశ్చలమైన లగూన్‌లో మా పడవ. కాళ్ల కింద గుల్లబారిన గోధుమ రంగు రాయి, గుంటల్లో ఇరుక్కుపోయిన చిన్న చేపలు. మేం నడిచినంత మేర మనిషి ఎత్తున నిలిచిందల్లా మేము ముగ్గురమే. టోంగా కట్టిన కట్టడాల జోలికి పోలేదు.

చానల్ 16

నడిచొచ్చిన సాయంత్రమే గస్తీ నౌక కనిపించింది. బూడిద రంగు, మొగ బయట ఆగింది. అది ఏ దేశానిదో ఇక్కడ రాయను. రాస్తే ఈ వ్యాసం కూడా ఒక పక్షం సాక్ష్యమైపోతుంది. వీహెచ్ఎఫ్ రేడియోలో, ఓడలన్నీ వినే చానల్ 16 మీద పిలిచి, వేరే చానల్‌కి మార్చి, మర్యాదగానే అడిగారు. పడవ పేరు, రిజిస్ట్రేషన్, ఎంతమంది, చివరి రేవు, తర్వాతి రేవు. అన్నిటికీ నిజమే చెప్పాను. ఎందుకు ఆగారంటే, దక్షిణాన ద్రోణి ఉంది, అది దాటాక వెళ్తాం అన్నాను. చేపలు పట్టారా? లేదు.

ఆ తర్వాత అసలు ప్రశ్న. "మీరు మా జలాల్లో ఉన్నారని మీకు తెలుసా?"

దీనికి జవాబు ముందే అనుకుని ఉంచాం. 'తెలుసు' అంటే ఒప్పుకున్నట్టు. 'కాదు' అంటే వాదానికి దిగినట్టు, ఆయుధాలున్న ఓడతో వాదం పెట్టుకునే హోదా పన్నెండు మీటర్ల పడవకి లేదు. "మీరు చెప్పింది విన్నాం, సమయంతో సహా లాగ్‌బుక్‌లో రాసుకున్నాం. మీ సూచనలు ఏమైనా ఉంటే చెప్పండి" అన్నాను. తెలుసు కాదు, విన్నాం. అవతల కొన్ని క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆయన, వాతావరణం బాగుపడగానే వెళ్లిపొమ్మని, జాగ్రత్తగా ఉండమని చెప్పి ముగించాడు. గొంతులో విసుగు లేదు. ఆ రోజు లగూన్‌లో ఇంకో నాలుగు పడవలున్నాయి. మా తర్వాత వాళ్లనీ ఒక్కొక్కరినే పిలిచి ఇవే ప్రశ్నలు అడిగాడు. ఒక పడవవాడు అదే ప్రశ్నకి ఈ దిబ్బ ఎవరిదో పుస్తకాల్లో చదివిందంతా చెప్పడం మొదలుపెట్టాడు. అతనితో సంభాషణ ఇరవై నిమిషాలు సాగింది. చీకటి పడ్డాక ఆ ఓడ దీపాలు వాయవ్యంగా వెళ్లిపోయాయి.

గాలి సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో కొత్తేమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చిన సూచనలో, ద్రోణి ముందు గాలి వాయవ్యానికి తిరుగుతుందని ఉంది. తూర్పు అంచున ఉండిపోతే మూడు మైళ్ల లగూన్ దాటొచ్చే అలలు నేరుగా మా మీదకే, వెనక దిబ్బ. వెలుగుండగానే లంగరు ఎత్తి వాయవ్య అంచు లోపలికి మారాం. ఆ రాత్రి గాలి 30 నాట్లు దాటింది. పోటు వేళ దిబ్బ మునిగి అలలు పైనుంచి పొర్లడంతో పడవ బాగా ఊగింది. లంగరు జరగలేదు. ఆ మర్నాడంతా గాలి పడమర నుంచి నైరుతికి తిరిగింది. లగూన్‌లో దిగిన అయిదో రోజు ఉదయం అది దక్షిణం మీదుగా ఆగ్నేయానికి వచ్చేసరికి మొగ దాటాం.

ఓపువాలో తనిఖీకి, బయటి మట్టీ క్రిములూ దేశంలోకి రాకుండా చూడటానికి వచ్చిన అధికారి కాగితాలు చూసి వేళ్ల మీద లెక్క వేశాడు. వెయ్యి మైళ్లకి కాస్త ఎక్కువ, ఎనిమిది రోజుల దారి, మీకు పదమూడు ఎందుకు పట్టింది? లాగ్‌బుక్ తెరిచి అక్షాంశ రేఖాంశాలు చూపించాను. చదివి, అలాగే తన ఫారంలో దించుకున్నాడు. దేశం పేరు అడగలేదు. "అక్కడ నేల మీద దిగారా?" అన్నాడు.

నేను యజమాని వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఇసుక లేదు, మట్టి లేదు, మేం నిలబడ్డ చోటు ఆ రాత్రికే మనిషి నడుం లోతున మునిగిపోయింది. దాన్ని నేల అనాలా? యాభై ఏళ్లుగా రెండు ప్రభుత్వాలు తేల్చుకోలేని ప్రశ్న, డెక్ మీద నిలబెట్టి నన్ను అడుగుతున్నాడు.

"ఆటు వేళ గంటసేపు నడిచాం" అన్నాను.

"ఏ చెప్పులతో?"

మూడు జతలూ తెచ్చి ఇచ్చాను. చెప్పుల అడుగున గాడుల్లో పగడపు పొడి ఇంకా తెల్లగా ఉంది. ఆయన చేతికి తొడుగులు వేసుకుని, వాటిని సంచిలో పెట్టుకుని, కడిగించి తెస్తానని ఒడ్డుకి వెళ్లాడు.